గంపమ్మ చెప్పిన దూరం

మొదటి సంచీమనిషిని చూసి, ఆవిడ కూడా సరుకులమ్ముకునే మనిషే అనుకుంది మా అమ్మ.

అందులో అమ్మ తప్పేం లేదు. మా దీవిలో బరువు మోసుకుంటూ ఊరూరా తిరిగే మనిషి ఇరవై ఏళ్ళుగా అమ్మ ఒక్కతే. సూదులు, దారాలు, పిన్నీసులు, గుండీలు, దువ్వెనలు, సబ్బులు, టార్చిలైటు బ్యాటరీలు అన్నీ ఒక గంపలో సర్ది, నెత్తిన చుట్టకుదురు మీద పెట్టుకుని, మా ఊరితో కలిపి మోటారు రోడ్డు లేని మూడు ఊళ్ళకీ వారానికి మూడుసార్లు నడిచేది. ఆమెకో పేరుందని ఆ ఊళ్ళలో ఎవరికీ తెలియదు. గంపమ్మ అంటే చాలు.

వానలు వెనకబట్టి పది రోజులై ఉంటుంది. అమ్మ గంపతో ముందు, నేను సబ్బుల సంచీతో వెనక, ఇంటి ముఖం పట్టి వస్తున్నాం. జీడితోటలో దారి రెండుగా చీలేచోట ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన ఆవిడంత ఎత్తు నీలం సంచీ. దానికి ఒక పక్క చాపచుట్ట, ఒక పక్క నీళ్ళ సీసా, వెనకాల ఆరేసిన తడి చొక్కా. అమ్మ ఆగి ఆ సంచీని ఎగాదిగా చూసింది.

"ఏం అమ్ముతున్నావమ్మా?"

"ఏమీ అమ్మడం లేదండి."

"ఇందాకట్నుంచీనా? ఈ ఊళ్ళలో తొందరగా కొనర్లే. కాస్త ఓపిక పట్టాలి."

ఆవిడ నవ్వింది. "ఇందులో నా బట్టలే ఉన్నాయండి. ఊళ్ళు చూడ్డానికొచ్చాను."

"ఊళ్ళు చూడ్డానికి ఇన్ని బట్టలెందుకు? ఊళ్ళు నిన్ను చూడ్డానికా?"

ఆవిడ అవతలి ఒడ్డున ఒక ఆస్పత్రిలో నర్సు. ఏడాదంతా సెలవులు దాచుకుని వచ్చింది. డబ్బులు తక్కువ, రోజులు ఎక్కువ అని తనే చెప్పింది. అన్నిటికన్నా చవగ్గా ఎక్కడ పడుకోవచ్చని అడిగింది.

"నిద్రకి డబ్బులెందుకు? కళ్ళు మూసుకుంటే అదే వస్తుంది. మా వసారాలో మూసుకో" అంది అమ్మ.

"మీ ఇల్లు ఎంత దూరమండి?"

"దగ్గరే. ఇదిగో, కూతవేటు దూరం."

తర్వాత ముప్పావుగంట నడిచాం. ఆ ముప్పావుగంటలో నర్సు నాలుగుసార్లు అడిగింది, అమ్మ నాలుగుసార్లూ "దగ్గరే" అంది. ఇంటికొచ్చి సంచీ దించాక నర్సు మా నాయనమ్మ వైపు తిరిగి, "అమ్మమ్మా, మీ ఊళ్ళో కూత పెద్దగా కూస్తారనుకుంటా" అంది.

నాయనమ్మ ఆ సంచీ ఒకసారి ఎత్తి చూడబోయి కదల్లేక వదిలేసింది. "ఎవరు తరిమేశారమ్మా నిన్ను, ఇల్లంతా కట్టుకుని వచ్చావు?"

ఆ ఎండాకాలం అలా మొదలైంది.

అమ్మ అబద్ధాలకోరు కాదు. సూది తుప్పుపట్టి ఉంటే అమ్మకముందే చెప్పే మనిషి. కానీ నడిచేవాళ్ళకి దూరం చెప్పకూడదన్నది ఆమె పట్టు. "దూరం వింటే ముందు కాళ్ళు వింటాయే. విన్నాయంటే ఇంక కదలవు" అనేది. దారిలో ఎవరు ఎదురై ఎక్కడికి ఎంత దూరమన్నా ఆమె జవాబు ఒక్కటే. ఆమె ఒక్కతే కాదు, మా దీవిలో ఎవరినడిగినా అదే మాట చెబుతారు. ఎదుటివాడికి "దూరం" అని చెప్పడం మాకు తలుపు మూసినంత మర్యాదతక్కువ పని.

నర్సు నాలుగు రోజులు మా వసారాలో ఉంది. పగలు మా వెంట మూడు ఊళ్ళూ తిరిగింది. ఎవరో పెట్టిన అన్నం తిని, వాళ్ళ గిన్నెలు తోమి ఇచ్చేది. నడిమి ఊళ్ళో ఒక పిల్లవాడి మోకాలి పుండు కడిగి కట్టు కట్టింది. వెళ్ళేటప్పుడు, "నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. గంపమ్మ వెనక నడవండని చెబుతాను" అంది. అమ్మ అది మర్యాదకన్న మాట అనుకుంది.

మర్యాద కాదది. పక్క వారం ఇద్దరొచ్చారు. తర్వాత ముగ్గురు. ఆ తర్వాత లెక్క నాకే తప్పింది. అందరివీ అలాంటి సంచీలే, అందరూ అవతలి ఒడ్డువాళ్ళే. పడవలో అన్నిటికన్నా వెనక బల్ల మీద కూర్చుని వచ్చేవారు. ఒక సబ్బుబిళ్ళ కొని నలుగురూ నాలుగు ముక్కలు చేసుకునేవారు. రొట్టెని కూడా రూళ్ళకర్రతో గీసినట్టు సమానంగా కోసుకునేవారు. నాయనమ్మ వాళ్ళని వసారాలో కూర్చోబెట్టి పెళ్ళయిందా లేదా అని ఒక్కొక్కరినీ విచారించేది. వెళ్ళేముందు దారి చూపినందుకు తలా ఇంత డబ్బు అమ్మ గంపలో వేసేవారు. మా ఊరివాళ్ళు వాళ్ళకి సంచీవాళ్ళని పేరు పెట్టారు.

వాళ్ళు రాకపోయి ఉంటే ఆ ఏడు అమ్మ గంప దించేసేదే. రోడ్డున్న ఊళ్ళకి అప్పటికే మైకు పెట్టుకుని సామాన్ల వ్యాను వస్తోంది. రోడ్డు లేని ఊళ్ళవాళ్ళు కూడా వారానికోసారి రోడ్డుదాకా నడిచి వ్యాను దగ్గరే కొనుక్కుంటున్నారు. నాన్న చేపల పడవ మీద వెళితే పది, పన్నెండు రోజులకి గానీ రాడు. రేవులో చేపల్ని డబ్బాలకెత్తే షెడ్డు ఒకటుంది. అక్కడి మేస్త్రీ, "వానలు పడేలోగా వచ్చి చేరు, పీట ఖాళీ ఉంచుతా" అని అమ్మకి కబురు పెట్టి ఉన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా పీట మీద కూర్చుని చేసే పని.

"కాలికి బలపం కట్టుకు తిరిగేదాన్ని పీట మీద కూర్చోబెడితే, పీటే లేచి నడుస్తుంది" అంది నాయనమ్మ. నవ్వించడానికే అంది. అమ్మ నవ్వలేదు. ఆ రోజు గంప దించాక చాలాసేపు తన అరికాళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

అందుకని సంచీవాళ్ళు వరసకట్టి అమ్మ వెనక నడుస్తూంటే నాకు ఎంత బాగుండేదో. అందరికన్నా ముందు గంప, వెనక రంగురంగుల సంచీలు, చిట్టచివర నేను. ఊళ్ళోకి అడుగుపెట్టగానే, "గంపమ్మా, ఇవాళ నీకు తోకలు మొలిచాయే!" అని ఎవరో ఒకరు కేకేసేవారు. "తోకలు కావు, రెక్కలు" అనేది అమ్మ, తల కదలకుండా.

నెల తిరక్కుండానే రేవులోని పర్యాటక ఆఫీసు గోడకి కాగితం అంటించారు. ఇకమీదట ఆఫీసు ఇచ్చే గుర్తింపు బిళ్ళ ఉన్నవాళ్ళే సంచీవాళ్ళని అడవిదారిలో తీసుకెళ్ళాలి. బిళ్ళ కావాలంటే పరీక్షకి రావాలి. ఆ కాగితం అమ్మకి చదివి వినిపించింది నేనే.

"పరీక్షా? దారి మీదేనా?" అంది అమ్మ. "అయితే భయమేముందే?"

పరీక్ష పెట్టిన ఆఫీసరు అవతలి ఒడ్డు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. ఎండలోనే కాదు, ఫ్యాను కింద కూడా టోపీ తీయడు. మేమంతా టోపీసారు అనేవాళ్ళం. అమ్మని కుర్చీలో కూర్చోమన్నాడు. అమ్మ గంప దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నించున్నాను.

దారిలో పాము కరిస్తే ఏం చేయాలో అడిగాడు, చెప్పింది. తాగే నీళ్ళు ఎక్కడెక్కడ దొరుకుతాయో అడిగితే, ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో కూడా చెప్పింది. ఆయన కలం ఆపకుండా రాసుకుంటున్నాడు. నాకు గుండె ఉప్పొంగింది. పదో తరగతిలో నేను పరీక్ష రాసినప్పుడు అమ్మకి ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాను.

"మీ ఊరినుంచి నడిమి ఊరికి ఎంత దూరం?"

"దగ్గరేనండి."

"దగ్గరే అంటే?"

"అంటే... దూరం కాదండి."

"కిలోమీటర్లలో చెప్పమ్మా."

"కిలోమీటర్లు నేను నడవలేదండి. దారే నడిచాను."

"సరే, చివరి ఊరికి?"

"అదీ దగ్గరే."

"రెండూ దగ్గరే అయితే ఏది ఎక్కువ దగ్గర?"

"ముందొచ్చేదండి" అంది అమ్మ, ఇంత చిన్న సంగతి అడుగుతాడేమిటన్నట్టు.

ఆయన కలం కింద పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. "పోయిన ఏడు ఇద్దరు పిల్లలు మధ్యాహ్నం రెండింటికి చివరి ఊరు ఎంత దూరమని మీవాళ్ళనడిగారు. దగ్గరే అన్నారు. సముద్రపు పోటు ఎక్కేవేళకి వాళ్ళు ఆ ఊరి ముందు కాలవ మధ్యలో ఉన్నారు. నీళ్ళలో ఒక రాయెక్కి కూర్చుంటే ఎవరి పడవో వెళ్ళి దింపింది. ఆ దగ్గర ఎంత దూరమో నీకు తెలుసా అమ్మా?"

అమ్మ తల దించుకుంది. గంపలో దారపు ఉండలు ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ కూర్చుంది. నేను ఆమెని అలా ఎప్పుడూ చూడలేదు.

"వచ్చే నెలాఖరున నేనే నీ వెనక నడుస్తాను" అన్నాడు టోపీసారు. "మీ ఇంటినుంచి చివరి ఊరిదాకా. ఎక్కడికి ఎప్పుడు చేరతామో బయలుదేరేముందే చెప్పాలి. చెప్పినట్టు చేర్చావా, బిళ్ళ ఇస్తాను. అందాకా సంచీవాళ్ళని ఎప్పటిలాగే తీసుకెళ్ళచ్చు. చదువు రాకపోతే నీ కూతురు రాసి చదవచ్చు."

అప్పుడే మొదటిసారి నన్ను చూశాడనుకుంటా. నేను తలూపాను.

బడిలో మొదటి స్థానం వచ్చినందుకు నాకిచ్చిన చేతిగడియారం ఒకటుంది. సగం పేజీలు మిగిలిన లెక్కల పుస్తకం ఒకటుంది. ఆ రెండూ పట్టుకుని మర్నాటినుంచి అమ్మ వెనక నడిచాను. ఇంటి గడప దగ్గర టైము, జీడితోట దగ్గర, నడిమి ఊళ్ళో మొదటింటి దగ్గర, కొండమీద పెద్దరాయి దగ్గర, కాలవ ఒడ్డున, చివరి ఊరి బావి దగ్గర. అన్నిచోట్లా రాసుకున్నాను. అమ్మకి ఇది నచ్చలేదు.

"నిక్షేపంలాంటి దారిని ముక్కలుముక్కలు కోస్తున్నావే."

నాయనమ్మ అన్నట్టు నేను నోట్లో నాలుక లేని పిల్లని. కానీ నాలుక లేనివాళ్ళకి కళ్ళు ఎక్కువ. పది రోజుల్లో నాకొకటి తెలిసింది. అమ్మ నడక గడియారంలాంటిది. గంపతో నడిచినా గంప లేకుండా నడిచినా పెద్దరాయి నుంచి కాలవకి యాభై నిమిషాలు. ఒక నిమిషం ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆమెకి కిలోమీటర్లు రావని టోపీసారు రాసుకున్నాడు. ఆమె కాళ్ళకి వచ్చునని నేను రాసుకున్నాను.

అక్కడే పొరపడ్డాను కూడా. ఆ లెక్కతోనే ఒక రోజు నలుగురు సంచీవాళ్ళకి టైములు చెప్పి బయలుదేరితే, చివరి ఊరికి చేరేసరికి గంటన్నర ఆలస్యమైంది. వాళ్ళు ఆగుతారు. బూటు తాళ్ళు కట్టుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, సీతాకోకచిలక కనిపిస్తే నలుగురూ వంగి చూస్తారు. అందుకని పుస్తకంలో పేజీని మధ్యకి గీత గీసి ఒక పక్క "అమ్మ నడక" అని, ఇంకో పక్క "సంచీ నడక" అని మళ్ళీ మొదటినుంచి రాశాను. సంచీ నడకలో పెద్దరాయి నుంచి కాలవకి గంటా ఇరవై. మూడు వారాలు, తొమ్మిదిసార్లు చూశాక ఆ అంకె కింద గీత గీశాను.

ఆ మూడు వారాల్లోనే ఇంకొకటీ జరిగింది. పెద్దరాయి ఉన్నచోట ఎక్కుడు అయిపోతుంది. ఎదురుగా లోయకి అవతల నిలువుగా ఒక కొండచరియ. అక్కడికి రాగానే అమ్మ గంప దించి, నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టి ఒక్క కూత కూసేది. చరియ దాన్ని తిరిగి కూసేది. అది ఆమె అలవాటు, పలకరింపు. నా చిన్నప్పట్నుంచీ నన్నూ కూయమనేది, నేను ఎప్పుడూ కూసింది లేదు.

ఆ రోజు ఒక బొద్దబ్బాయి రాయి మీద కూలబడ్డాడు. "ఇంకెంత దూరం?" అన్నాడు. అమ్మ నోరు తెరిచేలోపు నేను పుస్తకం చూసి, "కాలవకి గంటా ఇరవై నిమిషాలు. అక్కణ్ణించి ఇంకో అరగంట" అన్నాను.

అతను బూట్లు విప్పేశాడు. తర్వాత మేజోళ్ళు విప్పేశాడు. తర్వాత పడుకున్నాడు.

బతిమాలాం, బుజ్జగించాం. అతని స్నేహితులు పాటలు పాడారు. గంట దాటినా లేవలేదు. ఆ రోజు పోటు ఆలస్యం కాబట్టి సరిపోయింది. లేకపోతే రాయి మీదే ఉండిపోవాల్సివచ్చేది. చివరి ఊరి బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అమ్మ ఒక్క మాటంది.

"నిజం చెప్పి కూర్చోబెట్టావు కదే. మరి లేపే నిజం ఏదీ నీ పుస్తకంలో?"

ఆ పేజీలన్నీ మళ్ళీ తిరగేశాను. ఎక్కడా లేదు.

నెలాఖరున, అన్నట్టే టోపీసారు పొద్దున్న ఆరింటికల్లా మా గుమ్మంలో ఉన్నాడు. కొత్త బూట్లు, వీపున ఖాకీ సంచీ, అదే టోపీ. నాయనమ్మ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఈయన కూడా ఇంట్లోంచి వచ్చేశాడా?" అంది. అమ్మ కళ్ళతోనే కసిరింది.

నేను పుస్తకం తెరిచి చదివాను. నడిమి ఊరు ఏడూ పదికి. పావుగంట ఆగుతాం. పెద్దరాయి తొమ్మిదీ పదికి. పది నిమిషాలు ఆగుతాం. కాలవ పదీ నలభైకి. ఇవాళ పదకొండు దాటితే కాలవలో పోటు ఎక్కుతుంది, ఈలోపే దాటాలి. చివరి ఊరి బావి దగ్గరికి పదకొండూ పదికి. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా ఉంది. ఆయన అన్నీ రాసుకుని కింద గీత గీశాడు. "పది నిమిషాలు అటూ ఇటూ ఒప్పుకుంటాను. అంతకు మించితే లేదు."

నడిమి ఊళ్ళో మొదటింటికి చేరేసరికి ఏడూ పదకొండు. ఆయన తన గడియారం చూసి, నన్ను చూశాడు. ఊరివాళ్ళు, "గంపమ్మా, ఇవాళ తోకకి టోపీ ఉందే!" అని అరిచారు. సరిగ్గా ఏడూ ఇరవై అయిదుకి అమ్మ గంప ఎత్తుకుంది.

ఎక్కుడులో ఆయన నడక మారింది. ముందు ఎడమకాలు ఈడ్చాడు, తర్వాత రెండూ ఈడ్చాడు. బూట్లు కొత్తవని నాకు ఇంటి దగ్గరే తెలుసు. అందుకే మధ్యలో రెండుచోట్ల ఆగకుండా అమ్మకి సైగ చేసి టైము మిగిల్చాను. తొమ్మిదీ పదికి రాయి దగ్గరున్నాం. ఆయన రాయి మీద కూర్చుని బూటు విప్పాడు. మడమ మీద రూపాయంత బొబ్బ.

తొమ్మిదీ ఇరవై అయింది. ఆయన లేవలేదు. అమ్మ గంపలోంచి ఒక గుడ్డపీలిక తీసి ఇచ్చింది. కట్టుకున్నాడు. తొమ్మిదీ ఇరవై అయిదు. బూటు చేతిలోనే ఉంది. దాన్ని శత్రువుని చూసినట్టు చూస్తున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు. అమ్మని కాదు, నన్ను. "పొద్దున్నుంచి నీ పుస్తకంలో ఒక్క అంకె తప్పలేదు. నిజం చెప్పు. ఇంకెంత దూరం?"

అమ్మ నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదు. లోయకేసి తిరిగి చుట్టకుదురు విప్పి మళ్ళీ చుట్టుకుంటోంది. పుస్తకం నా చేతిలో తెరిచే ఉంది. గంటా ఇరవై, కింద గీత. ఆ గీత గీసింది నేనే.

పుస్తకం మూశాను.

"దగ్గరేనండి" అన్నాను. "కూతవేటు దూరం."

అమ్మ చేతులు ఆగాయి.

"కూతవేటా?" ఆయన నన్నే చూస్తున్నాడు. "ఏదీ, కూయి. ఎవరైనా పలుకుతారేమో చూద్దాం."

నేను ఎన్నడూ కూయలేదని చెప్పానుగా. నోటికి చేతులు అడ్డుపెట్టుకున్నాను గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు అమ్మ నా పక్కకి వచ్చి నించుంది. ఛాతీ నిండా గాలి పీల్చి ఒక్క కూత కూసింది. ఇరవై ఏళ్ళ దారంతా ఆ కూతలో ఉంది. లోయ అవతలినుంచి అంతే గట్టిగా, అంతే పొడుగ్గా బదులొచ్చింది.

టోపీసారు మొహం తేటపడింది. "అరె, వినపడిందే" అంటూ బూటు తొడుక్కున్నాడు.

తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి బయలుదేరాం. దిగుడులో ఆయన ఇంకెంత అని అడిగినప్పుడల్లా అమ్మ "దగ్గరే" అంది, నేనూ "దగ్గరే" అన్నాను. ఇద్దరం ఒకే మాట అనడం మాకు అదే మొదలు. కాలవ దగ్గరికి వచ్చేసరికి పదీ నలభై నాలుగు. నీళ్ళు మోకాళ్ళదాకా ఉన్నాయి, అడుగున ఇసుక లోపలికి జారడం మొదలైంది. అంటే పోటు ముఖం పట్టిందన్నమాట. అమ్మ ఒక చేత్తో గంప, ఒక చేత్తో ఆయన సంచీ పట్టుకుని ముందు దిగింది. మేం అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగి చూసేసరికి, మేం దిగినచోట గట్టు అంచు నీళ్ళలో మునిగి ఉంది.

చివరి ఊరి బావి దగ్గర గడియారం చూసుకున్నాడు. "పదకొండూ పన్నెండు. రెండు నిమిషాలు ఆలస్యం."

"ఆ రెండూ మీ బూట్లవండి" అంది అమ్మ.

ఆయన బావిగట్టు మీద కూర్చుని టోపీ తీశాడు. మేం చూడగా తీయడం అదే మొదటిసారి. లోపల జుట్టు బాగా పలచబడి ఉంది.

"ఇంతకీ రాయి దగ్గర బదులు కూసిందెవరు? దారంతా ఒక్క మనిషీ కనబడలేదే."

"కొండండి" అంది అమ్మ.

ఆయన నా వైపు చేయి చాపాడు. పుస్తకం ఇచ్చాను. పేజీ వెతికి, గీత గీసిన అంకె చూసి, తన మడమ చూసుకున్నాడు. "ఇది అక్కడే చెప్పి ఉంటే నేను ఇంకా అక్కడే ఉండేవాణ్ణి" అని పుస్తకం తిరిగిచ్చాడు. తర్వాత సంచీలోంచి ఒక ఫారం తీశాడు.

"పుస్తకం పిల్లది కదా. ఎవరి పేరు రాయను?"

"దాని పేరే రాయండి" అంది అమ్మ వెంటనే. "చదువుకుంది. నాకేం వచ్చు, నడవడం తప్ప!"

"దారి అమ్మదండి" అన్నాను.

"ఏమిటీ? గట్టిగా చెప్పు."

"దారి అమ్మది. నేను వెనక నడిచి రాసుకున్నానంతే."

బావి దగ్గర నీళ్ళు తోడుకునేవాళ్ళందరూ తిరిగి చూశారు. అంత గట్టిగా అన్నానని అప్పుడు తెలిసింది. టోపీసారు కలం విప్పి అమ్మని పేరడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన రాసుకుని ఒకసారి పైకి చదివాడు, "గారు" చేర్చి. బావి దగ్గర ఒకామె పక్కామెతో, "అదెవరే?" అంది. "గంపమ్మేనే!" అంది పక్కామె ఆశ్చర్యంగా.

మేస్త్రీకి షెడ్డులో పీట ఇంకెవరికైనా ఇచ్చుకోమని కబురు పంపాం. ఇత్తడి బిళ్ళ వచ్చాక అమ్మ దాన్ని రవికకి పెట్టుకోలేదు, గంప ముందుభాగాన గుచ్చింది. "నడిచేది నేనైనా అందరికీ కనపడేది అదేగా" అంది. నాయనమ్మ దాన్ని పొద్దున్నా సాయంత్రం చింతపండుతో తోమేది. ఆ సారి పడవ దిగి వచ్చిన నాన్న గంపముందు గొంతుక్కూర్చుని, బిళ్ళ మీద బొటనవేలు రాస్తూ, అన్నానికి పిలిస్తే కూడా లేవలేదు.

టోపీసారు నాకూ ఒక పని చెప్పాడు. దారిలో ప్రతి ఊరి మొదట్లో బోర్డు పెట్టాలి, ముందున్న ఊరికి సంచీ నడకలో ఎన్ని గంటలో, ఏ తిథినాడు కాలవ ఏ వేళకి దాటకూడదో రాయాలి. రేకులూ రంగూ ఆఫీసు ఇచ్చింది. వానలు పడడానికి ముందు వారంలో అన్నీ నేనే రాశాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని చూసినవాళ్ళు అన్నారు. ఇప్పుడు మా ఊళ్ళో బయలుదేరేముందు దగ్గరే అని చెప్పేవాళ్ళు లేరు. అడిగితే బోర్డు చూపిస్తారు. అమ్మ కూడా అంతే.

ఒక్క రేకు మిగిలింది. దాన్ని పెద్దరాయికి ఆనించి నిలబెట్టాను. దాని మీద గంటలు రాయలేదు, మూడే అక్షరాలు రాశాను.

అమ్మ గంప దించి దాని ముందు నించుంది. "ఏమని రాశావే?"

నేను చెప్పేలోపు వెనకాల ఎక్కుడెక్కుతూ ఒకతను రొప్పుతూ వచ్చి రాయి మీద చతికిలబడ్డాడు. ఆ కాలానికి అతని జట్టే ఆఖరి సంచీవాళ్ళు. "అమ్మా, ఇంకెంత దూరం?" అన్నాడు.

"నాకు చదువు రాదు బాబూ" అంది అమ్మ. "అదిగో, ఏదో రాసి ఉంది. చదివి చెప్పు."

అతను చెమట తుడుచుకుని రేకు వైపు వంగాడు. "దగ్గరే" అని చదివాడు.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత గంప నెత్తికెత్తుకుంది. బిళ్ళ ఎండలో తళుక్కుమంది.

"చూశావా" అంది అతనితో. "నేనన్నది కాదు, రాసి మరీ ఉంది. లే."